నడుమ చెయ్యి పెట్టి చూసిన నవల

ఆ రోజుల్లో మా ఇంట్లో ఆస్తి అని చెప్పుకోదగ్గది ఏదైనా ఉందంటే అది అనుమానమే. మా తాత నుంచి మా నాయనకూ, మా నాయన నుంచి నాకూ ఏ పంపకాల గొడవా లేకుండా చక్కగా వచ్చి చేరింది. కూరగాయలామె కరివేపాకు ఊరికే వేస్తే మా అవ్వ వంకాయలన్నీ మళ్ళీ ఒకసారి తిరగేసి చూసేది. పండగ కాని రోజు పక్కింటివాళ్ళు బొబ్బట్లు, అదే మా ఓళిగలు, పంపిస్తే "వీళ్ళకు మనతో ఏం పని పడిందబ్బా" అని అందరం కూర్చుని ఆలోచించేవాళ్ళం, ఆలోచిస్తూనే తినేవాళ్ళం. (ఓళిగలకు మాత్రం మేం ఏనాడూ అన్యాయం చెయ్యలేదు.) మా నాయనది హిందూపురం మార్కెట్లో చింతపండు వ్యాపారం. మూట పైన మంచి సరుకు పరిచి కింద పుచ్చు సరుకు కూరేవాళ్ళను చూసీ చూసీ ఆయనకొక పద్ధతి అలవాటైంది. మూట కుట్టు విప్పించి, పైసరుకు వైపు కన్నెత్తి కూడా చూడకుండా మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, సరిగ్గా నడుమ నుంచి ఒక పిడికెడు పీకేవాడు. "పైన పెట్టేది చూపించేదానికి, అడుగున పెట్టేది దాచిపెట్టేదానికి. నడుమ ఉండేదేరా అసలు సరుకు" అనేవాడు. పుచ్చకాయనైనా మనిషినైనా ఆయన అలాగే చూసేవాడు. ఎవరింటి పిల్లవాడి గురించైనా తెలుసుకోవాలంటే పిల్లవాణ్ణీ అడగడు, పిల్లవాడి తండ్రినీ అడగడు, వాళ్ళ వీధి చివర ఇస్త్రీ పెట్టేవాణ్ణి అడుగుతాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన నాకు, ఒక పుస్తకాన్ని ఎక్కడిదాకా చదివి వదిలేయవచ్చు అనే సమస్య పెళ్ళి వయసులో వచ్చి పడింది. పుస్తకాలు చదివేవాళ్ళకు ఇదొక సమస్యే కాదని నాకు తెలుసు. నచ్చకపోతే మూసి అరలో పెడతారు, ఇంకోటి తీస్తారు. కానీ నా విషయంలో ఆ పుస్తకం మూస్తే సంబంధం కూడా మూసుకుపోయే పరిస్థితి ఏర్పడింది. ఆ పిల్లేమో నాకు బాగా నచ్చింది.

సంబంధం తెచ్చింది పెనుకొండలో ఉండే మా మేనత్త. పిల్ల వాళ్ళది ధర్మవరం, పట్టుచీరలు నేసి అమ్ముకునే ఇల్లు. మేమూ మొదట మగ్గాలవాళ్ళమే కానీ మా తాత వయసులో ఉండగానే మగ్గం దిగి, హిందూపురం వచ్చి చింతపండులో పడ్డాడు. (ఎందుకు దిగావు తాతా అంటే "నడుము పట్టేసింది" అనేవాడు. అదే నడుముతో ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మూటలు మోశాడు. దాని మీద కూడా మాకు అనుమానమే.) ఇది ధర్మవరం వాళ్ళ దృష్టిలో చిన్న సంగతి కాదు. వాళ్ళింట్లో ఒకసారి మగ్గానికి పడుగు ఎక్కించారంటే ఇంట్లో జ్వరాలు రానీ, పెళ్ళిళ్ళు రానీ, ఆ పడుగులో ఆఖరి చీర దిగేదాకా మధ్యలో కోసే మాటే లేదు. అటువంటివాళ్ళకు మేము 'మగ్గం దిగినోళ్ళం'. కాబట్టి వాళ్ళకు మా మీద అనుమానం. మాకు అందరి మీదా ఉన్నట్టే వాళ్ళ మీదా అనుమానం. పెళ్ళిచూపులకు వాళ్ళింటికి పోదామంటే "వాళ్ళింట్లో వాళ్ళు చూపిచ్చిందే చూడల్ల" అని మా నాయన ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చి చూసి వద్దని పోతే వీధిలో తలెత్తుకోలేము" అని వాళ్ళూ ఒప్పుకోలేదు. చివరికి రెండు ఊళ్ళకూ నడుమ ఉంది కదా అని పెనుకొండలో మా అత్త ఇల్లే ఖాయమైంది.

కాఫీలయ్యాక పెద్దవాళ్ళు మా ఇద్దరినీ వరండాలో కాసేపు మాట్లాడుకోమన్నారు. తలుపు మాత్రం తెరిచే ఉంచారు. ఆ పిల్ల చేతిలో ఇటుకంత మందం నవల ఒకటి ఉంది. రైల్లో చదువుకోవడానికి తెచ్చుకుందట. "పుస్తకాలు చదువుతారా?" అని అడిగింది. "బాగా" అన్నాను. (అప్పటికి నేను పూర్తిగా చదివిన తెలుగు పుస్తకం పదో తరగతి వాచకం ఒక్కటే, అందులోనూ పద్యాలు వదిలేసి.) ఆ పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసి, "అయితే ఇది చదవండి. ఎట్లుండాదో చదివి చెప్పండి" అని నవల నా చేతిలో పెట్టింది. మాట తీరు మెత్తగా ఉంది, చూపు మాత్రం సూటిగా ఉంది. ఆ చూపుకు నేను పడిపోయానని చెప్పడానికి నాకిప్పుడేం మొహమాటం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మా నాయన నా చేతిలోకి చూశాడు.

"అదేంది?"

"పుస్తకం నాయనా. ఆ పిల్ల ఇచ్చింది."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆయన హిందూపురం వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మా ఇంట్లో 'ఊరికే' అన్న మాటకున్నంత చెడ్డపేరు ఇంకే మాటకూ లేదు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, అద్దాలు తుడిచి పెట్టుకుని, నవల తెమ్మన్నాడు. అట్ట చూడలేదు. మొదటి పేజీ చూడలేదు. రెండు బొటనవేళ్ళూ సరిగ్గా నడుమ దూర్చి తెరిచి, ఒక పేజీలో చూపు ఆనించి పైకి చదివాడు. అందులో నాయిక ఎవరికో ఉత్తరం రాస్తూంది. 'ఈ సంబంధం నాకు ఇష్టం లేదు. నోటితో చెప్పలేక ఇలా తెలియజేస్తున్నాను.' మా నాయన అద్దాలు తీసి, పుస్తకం మూసి, మూటలో పురుగు దొరికినప్పుడు చూసినట్టే నన్ను చూశాడు.

"చూస్తివా? ఊరికే ఇచ్చిందంటివే."

"అది కథలో పిల్ల నాయనా!"

"కథలో పిల్ల చేత చెప్పిచ్చింది. నోటితో చెప్పలేనోళ్ళు ఏం చేస్తారు మరి? పుస్తకం ఇస్తారు."

"చివర ఏముండాదో చూద్దాం ఉండు."

"అడుగున ఏముంటే ఏమిరా? నడుమ చెడింటే సరుకు చెడినట్లే."

నేను బతిమాలాను. మా అవ్వ కూడా నా వైపే మాట్లాడింది. (మా నాయన మాట మీద కూడా ఆమెకు అనుమానమే కదా.) చివరికి ఆయన ఒక మెట్టు దిగాడు. ఆషాఢం వస్తూంది కాబట్టి పెళ్ళి మాటలు శ్రావణంలో. ఆలోపల నేను నవల మొత్తం చదివి, ఆ మాటకు అర్థం వేరే అని ఆయనకు చూపించాలి. లేకపోతే పెనుకొండలో అందరి ముందూ నమస్కారం పెట్టి లేచి వచ్చేస్తాడు. అన్నాడంటే చేసే మనిషే.

ఇక మొదలైంది నా చదువు. ఆ నవల పేరూ రాసినాయన పేరూ చెప్పను, ఎవరి కష్టం వాళ్ళది. ఎక్కడో పెద్ద ఏరున్న సీమలో జరిగే కథ అది. మొదలవడమే వానతో మొదలవుతుంది. రేవులో ఒక పిల్ల నిలబడి ఉంటుంది. వాన పడుతూ ఉంటుంది. తాటాకుల మీద ఎట్లా పడిందో, ఏట్లో ఎట్లా పడిందో, పడవ మీద ఎట్లా పడిందో రాసుకుంటూ పోతాడాయన. పేజీ తిప్పితే వాన, ఇంకో పేజీ తిప్పితే ఇంకా పెద్ద వాన. మా ఊళ్ళో నాలుగేళ్ళది కలిపినా అంత వాన ఉండదు. నాకు ముందుగా కలిగింది అనుమానమే: ఇంత వాన నిజంగా ఎక్కడైనా పడుతుందా, లేక పుస్తకం మందం కోసం పోశాడా? పోనీ అని అడ్డదారిలో నడుమకు దూకి ఆ ఉత్తరం దగ్గర మొదలుపెట్టి చూశాను. అక్కడ ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియలేదు. పైగా శ్రావణంలో ఆ పిల్ల "ఎట్లుండాది" అని అడుగుతుంది కదా, దొంగచదువు ఇట్టే తెలిసిపోతుంది. మళ్ళీ వెనక్కి వచ్చి వానలో నిలబడ్డాను.

మూటల మీద పడుకుని చదివితే నిద్ర వచ్చేది. ధర్మవరం ప్యాసింజరులో కూర్చుని చదివినా నిద్రే వచ్చేది. తలుపుల, నల్లమాడ వైపు రైతుల దగ్గర మిగిలిన చింతపండు చూసి రమ్మని మా నాయన పంపిస్తే నవల కూడా సంచిలో వేసుకుని పోయాను. తలుపులలో చింతపండు గింజలు కొట్టే ఒక అవ్వ, "ఏమప్పా, అంత మందం పుస్తకం చదువుతాండావు, పరీక్షకా?" అని అడిగింది. "పరీక్షే అవ్వా" అన్నాను, "పాసవుతాను అనే నమ్మకం ల్యా." నల్లమాడలో ఇంకా బాగా జరిగింది. అక్కడ వేరుశనగ విత్తనాలు సిద్ధం చేసుకుని మబ్బు కోసం చూస్తున్న ఒక రైతు, అరుగు మీద నేను చదువుకోవడం చూసి, ఏముందో పైకి చదవమన్నాడు. చదివాను. ఆయన కాసేపు చేతులు కట్టుకుని భక్తిగా విన్నాడు. విని, "ఆ వాన యాడ పడిందప్పా?" అన్నాడు. "కథలోనన్నా" అన్నాను. "కథలో పడి ఏం లాభం, ఈడ పడేది కదా" అని లేచిపోయాడు. ఆ నవల మీద నేను విన్న విమర్శల్లో దాన్ని మించింది ఇంకోటి లేదు.

ఈలోపల మా అత్త దగ్గర నుంచి ఫోను. "ఒరే అబ్బోడా, ధర్మవరం అవ్వ రోజూ అడుగుతాండాది, పిల్లోడు పుస్తకం అయిపోగొట్టినాడా లేదా అని. మగ్గం మధ్యలో దిగినోళ్ళు పుస్తకం మధ్యలో దిగరా అంటాండాది. రెండు పేజీలు మిగిలినా మనకు మర్యాద ల్యా, చెప్తాండా" అంది. ధర్మవరం అవ్వ అంటే ఆ పిల్ల నాయనమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటే చివరి మాట. అంటే ఇది పరీక్షేనన్నమాట! పరీక్ష పెట్టింది ఆ పిల్లా, ఆ అవ్వా, లేక ఇద్దరూ కలిసా? నాకు నచ్చిన ఆ సూటి చూపు మీద కూడా అనుమానం మొదలైంది. ఇక్కడ నాయనకేమో ఆ పిల్లకు ఇష్టం లేదని అనుమానం, అక్కడ అవ్వకేమో నాకు ఓపిక లేదని అనుమానం. మధ్యలో నేను మూడో వంతు దగ్గర ఇరుక్కుపోయాను. పదో పేజీలో వదిలేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, చివరి పదిపేజీల్లో వదిలేసేవాడు ఉండడు. మూడో వంతు దగ్గరే మనిషికి చిక్కు. దిగిపోదామంటే ఇంతదూరం వచ్చిన కష్టం గుర్తొస్తుంది, పోదామంటే ఇంకా పోవాల్సిన దూరం కనిపిస్తుంది. ఆషాఢమంతా నేను అక్కడే ఉన్నాను. కథలో పిల్ల రేవులోనే ఉంది, వాన ఆగలేదు.

శ్రావణం వచ్చింది. పెనుకొండలో మళ్ళీ కూర్చున్నాం. మా నాయన నవలను పాత పేపరులో చుట్టి, కోర్టుకు సాక్ష్యం తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఉత్తరమున్న పేజీలో గుర్తుకు బస్సు టికెట్టు ఒకటి. ఎదురుగా ఇంకో చాప మీద ఆ పిల్ల తండ్రి, ఆయన పక్కన ధర్మవరం అవ్వ. ఇచ్చిన కాఫీ ఒకరు తాగేదాకా ఇంకొకరు ముట్టుకోవడం లేదు. కొంచెంసేపు వానల గురించి మాట్లాడారు. (వాన అన్న మాట వినగానే నాకు ఆవులింత వచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.) అవ్వ ఇక ఆగలేకపోయింది.

"ఏమప్పా, మా పిల్ల ఇచ్చిన పుస్తకం అయిపాయనా?"

గదిలో అందరూ నా వైపు తిరిగారు. అయిపోయిందని అంటే మా నాయన ఆ ఉత్తరం సంగతేమిటని అడుగుతాడు, నా దగ్గర జవాబు లేదు. అయిపోలేదంటే అవ్వ లేస్తుంది. వేళ్ళు చాప అంచును పీకుతున్నాయి. ఈ పిల్ల నాకు దక్కదు అనుకున్నాను.

అప్పుడు తలుపు దగ్గర నుంచి ఆ పిల్ల మాట్లాడింది. "ఆయన్ని ఎందుకడుగుతావవ్వా? నేనే చదవలేదు. నాకే చాతకాలేదు. ఆ వాన దగ్గరే ఆపేసినా. వదిలేయొచ్చో లేదో ఈయన చదివి చెప్తారని ఇచ్చినా."

మా నాయన మూట విప్పి బస్సు టికెట్టున్న పేజీ తెరిచాడు. "మరి ఈ నడుమ రాసుండేది?"

"నడుమ ఏముండాదో నాకేం తెలుసు? ఆడిదాకా పోతే కదా!"

మా నాయన ముఖంలో నెలరోజుల బిగువు అప్పుడు సడలింది. ఆయన సరుకు పరీక్ష మొదటిసారి తప్పింది, తప్పినందుకు అంత సంతోషించిన వ్యాపారిని నేను మళ్ళీ చూడలేదు. నాకూ ధైర్యం వచ్చింది. "వదిలేయండి. నేనూ ఆ వానలోనే ఉండిపోయినా" అన్నాను. మా అత్త పకపకా నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు. "ఇద్దరూ మధ్యలో దిగేవాళ్ళే. రేపు సంసారం ఏమి చేస్తారు?" అంది. దానికి మా నాయన, "అమ్మా, సరుకు మంచిది కాదని తెలిసినాక గూడా మోసేవాడు తెలివైనోడా, దించేవాడు తెలివైనోడా?" అన్నాడు. అవ్వ చల్లారిపోయిన కాఫీ గ్లాసు తీసుకుని తాగింది. ఆ సాయంత్రమే తాంబూలాలు మార్చుకున్నారు.

మా పెళ్ళి జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. ధర్మవరం అవ్వ పోయింది, మా నాయన కూడా పోయాడు, చింతపండు మండీలో ఆయన కూర్చునే చోట నేను కూర్చుంటున్నాను. ఇన్నేళ్ళూ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఈ కథ చెప్పాను. ఆ నవలను తిట్టని తిట్టు లేదు. ఇద్దరికీ నచ్చని పుస్తకం ఒకటి ఉంటే చాలు, కాపురం నిలుస్తుందని నేనొక సిద్ధాంతం కూడా చేశాను. నేను చెప్తుంటే మా ఇంటావిడ అందరికంటే ముందు నవ్వేది.

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం మండీ నుంచి కాస్త ముందుగా వచ్చాను. లోపల సెలవులకు వచ్చిన మా అమ్మాయి బీరువా సర్దుతూంది. దాని చేతికి ఆ నవల దొరికినట్టుంది. "అమ్మా, ఇదేనా ఆ వాన పుస్తకం?" అని అడుగుతూంది. మా ఇంటావిడ కథ చెప్పడం మొదలుపెట్టింది. రేవులో నిలబడిన పిల్ల, ఆ పిల్ల ఎదురుచూసే మనిషి, మధ్యలో వచ్చిన వేరే సంబంధం, దాన్ని వద్దంటూ రాసిన ఉత్తరం, చివరికి పడవ రావడం. ఎక్కడా తడుముకోలేదు. "ఆ వాన అంత పొడుగ్గా ఎందుకు రాసినాడనుకుంటాండావు? ఎదురుచూసేవాళ్ళకు వాన అంతే ఉంటాది" అంది. నేను చెప్పులు విప్పుతూ విప్పుతూ గుమ్మం బయటే ఆగిపోయాను.

"నువ్వు దీన్ని మధ్యలోనే వదిలేసినావంట కదమ్మా? నాయన ఎప్పుడూ చెప్తాడు."

"పెళ్ళికి ముందే రెండుసార్లు చదివినానే. మా అవ్వ అడిగినప్పుడు మీ నాయన మొగం చూడల్ల నువ్వు, తడిసిన కోడిపిల్ల మాదిరి! పుస్తకాన్నన్నా వదులుకోవల్ల, మనిషినన్నా వదులుకోవల్ల. ఏం చేసేది?"

"మరి నాయనకు ఎందుకు చెప్పలేదు?"

"ఎందుకే? ఆ కథ చెప్పేటప్పుడు మీ నాయన ఎంత సంతోషంగా ఉంటాడో చూసినావు కదా."

నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది, ఏది ముందో చెప్పలేను. ఆమెకు ఇష్టమైన పుస్తకాన్ని ఆమె ఎదురుగానే ఇన్నేళ్ళు తిట్టాను. కరివేపాకును అనుమానించాను, ఓళిగలను అనుమానించాను, ఇంట్లోకి వచ్చిన ప్రతిదాన్నీ తిరగేసి చూశాను కానీ ఆ రోజు తలుపు దగ్గర నుంచి వచ్చిన ఆ మాటను మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. గొంతు సవరించుకుని లోపలికి వెళ్ళాను. ఆమె మాట ఆపి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. మా ఇంటికి వచ్చాక ఆమెకు కూడా మా అనుమానపు చూపు బాగా పట్టుబడింది.

"వచ్చి ఎంతసేపయింది?"

"ఇప్పుడే" అన్నాను.

నమ్మిందో లేదో తెలియదు. కాఫీ పెట్టడానికి లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేను కుర్చీలో కూర్చుని, పెనుకొండలో చాప అంచు పీకుతూ కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకున్నాను. ఆ గదిలో అందరూ తనను పరీక్షిస్తున్నారని వణికిపోయాడు, పాపం. వాళ్ళలో ఒకరు అప్పటికే తనను ఎంచుకున్నారని వాడికి తెలియదు.